మూడు కోట్లు

అయనావరం హార్డ్‌వేర్ కొట్టులో పళనియప్పన్
మూడు వేళ్ళు చూపించి
"మూణు కోటు పోడణుం అక్కా" అన్నాడు.
ఇంటికొచ్చి, మూడు కోట్లు వేయాలట అంటే
మా అత్తయ్య పప్పుగుత్తి పట్టుకునే బయటికొచ్చి
"మూడు కోట్లా! ఆ బల్లకా!" అంది.

ఆ నవ్వుతోనే మొదలుపెట్టాను.

బల్ల మాది కాదు, కిందింటి వాళ్ళది.
కోయంబత్తూరు బదిలీ అయి, లారీలో చోటు చాలక
ఎనిమిది వందలకి ఇచ్చి పోయారు.
"టేకు, అసలైన టేకు" అని ఆవిడ
వేలి కణుపులతో కొట్టి వినిపించింది.
ఏ చెక్కయినా కొడితే టకటకమనే అంటుంది,
అప్పుడు తోచలేదు.

ఆదివారం పొద్దున, మిద్దె మీద, ట్యాంకు నీడలో
ఎనభై నంబరు ఎమెరీ కాగితం.
ముందు ముదురు గోధుమ రంగు లేచింది.
దాని కింద ఆస్పత్రి ఆకుపచ్చ.
దాని కింద, ఎవరి కొత్త కాపురం ముచ్చటో, గులాబీ.
మూడు సంసారాలు నా ముక్కులోకి పోయాయి.
తుమ్మి తుమ్మి
కళ్ళు తుడుచుకుని చూస్తే
చెక్క.

టేకు కాదు.
మామిడి. నడుమ ఒక పలక వేప.
సందుల్లో లప్పం, లప్పంలో విరిగిన మేకు.
రంగు బయటపడింది అంటారే,
రంగంతా పోయాకే ఏదైనా బయటపడేది.

"మళ్ళీ బ్రౌన్ కొట్టెయ్, గొడవ వదిలిపోతుంది"
అన్నాడు మా ఆయన, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని.
థిన్నర్ వాసన పడదు ఆయనకి.
నిజమే, రంగు దయగలది.
పగులు పుట్టుపూర్వోత్తరాలు అడగదు,
మేకుని నిలదీయదు,
కప్పేస్తుంది.
క్లియర్ కోటుకి ఆ మర్యాద లేదు.
తొందరలో అడ్డంగా రుద్దిన ఒక్క గీతని
అద్దం పట్టుకుని ఏళ్ళ తరబడి చూపిస్తుంది.

కాళ్ళకి నల్లరంగు వేసేశాను.
కాళ్ళ సంగతి ఎవరు చూస్తారు.
పైపలకని మాత్రం
నూట ఇరవై, రెండొందల ఇరవై, నాలుగొందలు,
చార వెంట, చార వెంట,
పేలున్న పిల్లకి తల దువ్వినంత ఓపికగా.
పైపై మెరుగులు అని తేలిగ్గా అనేస్తాం కానీ
పైపై మెరుగుకి నా గోళ్ళు రెండు పోయాయి.

మొదటి కోటు గుటగుటా తాగేసింది.
రెండోది వేసిన సాయంత్రం
సముద్రం వైపు నుంచి మబ్బు.
కార్తీకంలో చెన్నై గాలిని పిండితే
బిందెడు నీళ్ళొస్తాయి.
తెల్లారేసరికి పలక మీద
విరిగిన పాలలా తెల్లటి మసక.
ఏడుపొచ్చింది. ఆఫీసులో నెలాఖరు లెక్క
ఏడు రూపాయలు తేలనప్పుడు కూడా అంత రాలేదు.

పళనియప్పన్ ఫోన్లో నవ్వాడు.
"ఈరం అక్కా. వెయిల్ వరట్టుం.
అవసరం ఉనక్కు, అదుక్కు ఇల్లె."
తొందర నాకట, దానికి కాదట.

ఎండ పదకొండు రోజులకి వచ్చింది.
ఈలోగా బల్ల హాల్లో పాత చీర కప్పుకుని కూర్చుంది.
మేం పక్కవాటుగా నడిచాం.

గీకి, తుడిచి, మళ్ళీ.
మూడో కోటు, రాత్రి తొమ్మిదికి.
ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలాను.
కుంచె ఎత్తానో లేదో ఒక దోమ
చెరువనుకుంది కాబోలు, దిగింది.
సూదితో తీస్తే గుంట పడుతుంది.
వదిలేశాను.

అట్ట మీద రాసి పెట్టాను:
తడిగా ఉంది. ముట్టుకోవద్దు.
పొద్దున, సరిగ్గా ఆ అట్ట పక్కనే,
ఒక బొటనవేలి ముద్ర.
ఇంట్లో ఉన్నది ముగ్గురం.
ముగ్గురం కాదన్నాం.

ఇప్పుడు దాని మీదే చిక్కుళ్ళు ఒలుస్తాను.
వచ్చినవాళ్ళు వంగి చూసి "టేకా?" అంటారు.
"మామిడి" అంటాను.
"ఇది వేప. ఇది మేకు. ఇది దోమ."
వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి
మా అత్తయ్య
కాఫీ కలపడానికి లేస్తుంది.